అక్టోబరు రాత్రి చిత్తను చూపమన్న టెలిస్కోపు

కంప్యూటరు అమర్చిన టెలిస్కోపును మొదటిసారి ఆరుబయట నిలబెట్టిన రాత్రి అది నన్ను దారి తప్పించిందని చాలా కాలం చెప్పుకున్నాను. తప్పించింది నేనేనని ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది. ఆనాటి తేదీ అక్టోబరు 5. స్విచ్ వేయగానే హ్యాండ్ కంట్రోలర్, అంటే చేత్తో పట్టుకునే మీటల పెట్టె, తేదీ అడిగింది. చేతికి అలవాటైన వరుసలో ముందు రోజును, తరువాత నెలను వేసి 05/10 అని ఎక్కించాను. ఆ యంత్రం ముందు నెలను, తరువాత రోజును చదువుకుంటుంది. కాబట్టి దాని లెక్కలో ఆ రాత్రి మే 10.

అలైన్‌మెంట్ కోసం, అంటే తెలిసిన నక్షత్రాలను చూపి యంత్రాన్ని ఆకాశంతో కుదర్చడం కోసం, అది మొదట ఎంచి ఇచ్చిన నక్షత్రం మఖ. సరేనని మీట నొక్కాను. మోటార్లు రొదపెడుతూ గొట్టాన్ని పైకెత్తి, పక్కకు తిప్పి, ఒకచోట ఆగాయి. ఫైండర్‌లో (గొట్టానికి అమర్చిన చిన్న దుర్భిణిలో) చూస్తే సరిగ్గా అంచున, అంటే కేంద్రానికి సుమారు 3 డిగ్రీల దూరంలో, ఒక ప్రకాశవంతమైన నక్షత్రం కనిపించింది. మొదటి నక్షత్రం ఆ మాత్రం పక్కకు పడడం మామూలేనని యంత్రంతో వచ్చిన పుస్తకంలో చదివి ఉన్నాను గనుక, బాణం గుర్తుల మీటలతో దాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యకు తెచ్చి, ఇదే మఖ అని సంతోషంగా ఖాయం చేశాను. రెండో నక్షత్రంగా అది చిత్తను ఎంచింది. ఈసారి గొట్టం ఆగినచోట చెప్పుకోదగ్గ చుక్క ఒక్కటీ లేదు. అక్కడికి 20 డిగ్రీలకు కాస్త తక్కువ దూరంలో, దిగువన, ఒంటరిగా ఒక నక్షత్రం మెరుస్తోంది. అంత తేడా ఎలా వస్తుందని అనుమానం కలిగినా, చుట్టుపక్కల దానికి పోటీ వచ్చే చుక్క మరొకటి లేదు కదా అని దాన్నే చిత్తను చేశాను. అలైన్‌మెంట్ కుదరలేదని కంట్రోలర్ చెప్పింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట. యంత్రం పాడైందని నిర్ధారించుకొని, పెట్టెలో పెట్టి లోపలికి తెచ్చేశాను.

మర్నాడు నక్షత్ర పటం ముందు పెట్టుకున్నాక గానీ విషయం బోధపడలేదు. అక్టోబరు మొదటివారంలో సూర్యుడు చిత్తకు పక్కనే ఉంటాడు. ఆ నక్షత్రం సూర్యుడితో పాటే అస్తమించి, రాత్రంతా ఎవరికీ కనిపించదు. మఖ తెల్లవారుజామున గానీ ఉదయించదు. రాత్రి ఎనిమిది గంటలకు ఆ రెండింటినీ చూపమని అడిగే టెలిస్కోపుకు ఏ నెలలో ఉన్నామో తెలియదన్నమాట. ఆకాశంతో ఏమాత్రం పరిచయం ఉన్నవారైనా మొదటి పేరు వినగానే ఆగిపోయేవారు. నేను ఆగలేదు, ఎందుకంటే ఆకాశం తెలియకపోయినా ఫర్వాలేదన్న భరోసా మీదనే ఆ యంత్రాన్ని కొన్నాను.

ఆ తప్పును కాగితం మీద లెక్క వేసి చూసిన మధ్యాహ్నం నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకం. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలం, నక్షత్రాలను బట్టి చూస్తే, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. అందువల్ల ప్రతి నక్షత్రమూ నిన్నటికంటే ఈరోజు సుమారు 4 నిమిషాలు ముందుగా అదే చోటికి వస్తుంది. మే 10 నుంచి అక్టోబరు 5 వరకు 148 రోజులు. ఆ రోజుల్లో పోగుపడిన తేడా దాదాపు 9 గంటల 43 నిమిషాలు, అంటే 146 డిగ్రీలు. ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని చెప్పే విషువాంశం మఖకు 10 గంటల 8 నిమిషాలు. దానికి ఈ తేడాను కలిపితే 19 గంటల 51 నిమిషాలు వస్తుంది. శ్రవణం ఉన్నది సరిగ్గా అక్కడే. ఉత్తర దక్షిణాల స్థానాన్ని చెప్పే క్రాంతిలో మాత్రం రెండింటికీ 3 డిగ్రీల తేడా ఉంది. నేను మఖ అనుకొని ఖాయం చేసినది శ్రవణ నక్షత్రాన్ని. ఇక చిత్తకు అదే తేడా కలిపితే కుంభరాశిలోని వెలితి ప్రాంతం వస్తుంది. దానికి దిగువన ఒంటరిగా మెరిసింది ఫోమల్హాట్. మఖకూ చిత్తకూ మధ్య ఆకాశంలో 54 డిగ్రీల దూరం ఉంటే, నేను చూపిన ఆ రెండు నక్షత్రాల మధ్య దూరం 59 డిగ్రీలు. కంట్రోలర్ పట్టుకున్నది ఆ 5 డిగ్రీల తేడానే. అంటే ఆ రాత్రి మా ఇద్దరిలో తన పని సక్రమంగా చేసింది అదొక్కటే.

కంప్యూటరు టెలిస్కోపు అనగానే లోపల ఏదో కన్ను ఉందని, అది ఆకాశాన్ని చూసి గుర్తుపడుతుందని కొత్తవారు అనుకుంటారు. పేరు చెబితే ఆ వస్తువు వైపు తానే తిరిగే ఇలాంటి టెలిస్కోపును గోటూ అంటారు. మామూలు గోటూ టెలిస్కోపుకు కన్ను లేదు. దానికి తెలిసినవి రెండు కోణాలు మాత్రమే: గొట్టం ఎంత పైకి లేచింది, ఎంత పక్కకు తిరిగింది. మోటారు ఎన్ని అడుగులు వేసిందో, లేదా ఇరుసుకు అమర్చిన ఎన్‌కోడర్ ఎంత తిరిగిందో లెక్కపెట్టి ఆ కోణాలను తెలుసుకుంటుంది. దాని జ్ఞాపకంలో వేల ఖగోళ వస్తువుల విషువాంశమూ క్రాంతీ ఉంటాయి. మనం ఇచ్చిన తేదీ, సమయం, రేఖాంశాల నుంచి ఆ క్షణపు నాక్షత్ర కాలాన్ని (నక్షత్రాలను బట్టి నడిచే గడియారపు సమయాన్ని) గణించి, అక్షాంశాన్ని కూడా కలుపుకొని, ఏ వస్తువు ఎంత ఎత్తున, ఏ దిక్కున ఉండాలో తేల్చుకుంటుంది. ఇదంతా త్రికోణమితి. సమస్య ఆ తరువాత వస్తుంది. దాని ట్రైపాడ్ నేలమీద ఏ వైపుకు తిరిగి ఉందో, ఎంత వాలి ఉందో దానికి తెలియదు. నా మోటారు లెక్కలో ఉన్న కోణానికీ ఆకాశంలోని కోణానికీ సంబంధం ఏమిటి అన్న ఒక్క ప్రశ్నకు మనం జవాబు చెప్పాలి. రెండు నక్షత్రాలను పేరుపేరునా చూపిస్తే ఆ జవాబు దొరుకుతుంది. ఆకాశం ఒక గోళం గనుక, దాని మీద రెండు బిందువులు కుదిరితే మిగతా గోళమంతా కుదిరినట్టే. ఈ లెక్కను మాత్రికల రూపంలో ఔత్సాహికులకు అందేలా జపాన్‌కు చెందిన తోషిమి తాకి 1989లో ఒక ఖగోళ పత్రికలో వివరించారు. చాలామంది సొంతంగా ప్రోగ్రాములు రాసుకోవడానికి ఆ పద్ధతినే వాడుకున్నారు.

ఈ కారణం చేతనే ట్రైపాడ్‌ను రసమట్టం పెట్టి గీత గీసినట్టు సమంగా నిలపాలన్న పట్టుదల నాకు క్రమంగా తగ్గిపోయింది. రెండు నక్షత్రాల అలైన్‌మెంట్ సరిగా చేస్తే ఆ వాలు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. సమంగా ఉంటే మొదటి నక్షత్రం ఫైండర్‌లో దగ్గరగా పడుతుంది, అంతే లాభం. గడియారం ఒకటి రెండు నిమిషాలు తప్పినా నక్షత్రాల విషయంలో చాలావరకు అదీ ఇలాగే సర్దుకుంటుంది. చంద్రుడూ గ్రహాలూ మాత్రం సర్దుకోవు, ఎందుకంటే వాటి స్థానాన్ని పట్టికలో చూసుకోవడం కాదు, ఆ క్షణానికి గణించాలి. చంద్రుడు నక్షత్రాల మధ్య గంటకు సుమారు అర డిగ్రీ, అంటే తన వెడల్పంత దూరం జరుగుతాడు. కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని ముందుకు జరిపే ఆ గంటను కలపడమో తీసేయడమో మరిచిపోయినవారి టెలిస్కోపు చంద్రుడి పక్కనున్న చీకటిని చూపించి ఆగిపోతుంది.

మరొక సంగతిని చాలామంది పట్టించుకోరు. పట్టికలలోని స్థానాలు సాధారణంగా 2000వ సంవత్సరానికి చెందినవి. భూమి అక్షం సుమారు 26,000 ఏళ్ళకు ఒక చుట్టు తిరిగే అయనచలనం వల్ల ఆ స్థానాలను కొలిచే గీతల వల ఏటా 50 కోణీయ సెకన్ల మేర జరుగుతుంది. పాతికేళ్ళలో అది 21 కోణీయ నిమిషాలు, చంద్రబింబంలో మూడింట రెండు వంతులు. కంట్రోలర్ ఈ దిద్దుబాటును చెప్పకుండానే చేసుకుంటుంది. క్షితిజానికి దగ్గరగా ఉన్న వస్తువును వాతావరణం అర డిగ్రీకి పైగా ఎత్తి చూపిస్తుందన్న సంగతి కూడా మంచి కంట్రోలర్లకు తెలుసు. ఇంత సూక్ష్మంగా లెక్క చూసుకునే యంత్రానికి నెలను తప్పు చెప్పానన్న సిగ్గు నాకు ఇంకా పోలేదు.

నక్షత్రాలను ఎంచుకోవడంలో అనుభవం మీద తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. రెండూ పక్కపక్కన ఉండకూడదు. ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా కూడా ఉండకూడదు. దిక్కులో 90 డిగ్రీల మేర ఎడం, ఎత్తులో కొంత తేడా ఉంటే పని చక్కగా సాగుతుంది. నడినెత్తిన ఉన్న నక్షత్రాన్ని వదిలేయాలి, ఎందుకంటే అక్కడ దిక్కు అన్న మాటకే అర్థం ఉండదు. గొట్టం ఎటు తిరిగినా దాదాపు అదే చోటును చూస్తుంటుంది. ధ్రువ నక్షత్రం అందరికీ తెలిసినదే అయినా, అక్షం ధ్రువం వైపు చూసే ఈక్వటోరియల్ మౌంటు (గొట్టాన్ని మోసి తిప్పే అమరిక) మీద అదే కారణం చేత అది పనికిమాలిన ఎంపిక. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది చివరి మీట సంగతి. పళ్ళ చక్రాల మధ్య ఎంత మంచి యంత్రంలోనైనా కొంత వదులు ఉంటుంది. దిశ మార్చినప్పుడు ఆ వదులు తీరేవరకు మోటారు తిరుగుతుంది గానీ గొట్టం కదలదు. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. అందుకే నక్షత్రాన్ని మధ్యకు తెచ్చేటప్పుడు ప్రతిసారీ చివరి కదలిక ఒకే దిశలో ఉండాలి. నా యంత్రానికి అది పైకి, కుడికి. నక్షత్రం గీత దాటిపోతే వెనక్కి తేవడం కాదు, వెనక్కి ఎక్కువగా జరిపి, మళ్ళీ పైకీ కుడికీ వచ్చి ఆపాలి. ఈ ఒక్క అలవాటుతో నా గోటూ తప్పు సగానికి తగ్గింది. ఐపీస్‌ను కొంచెం ఫోకస్ తప్పించి నక్షత్రాన్ని చిన్న బిళ్ళలా చేసి చూస్తే అది సరిగ్గా మధ్యలో ఉందో లేదో కంటికి తేలికగా తెలుస్తుంది.

కరెంటు గురించి ఒక మాట. గోటూ టెలిస్కోపు వింతగా ప్రవర్తించిందని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది బ్యాటరీల గురించే. ఎనిమిది చిన్న బ్యాటరీలతో నడిచే యంత్రం గొట్టాన్ని దూరంగా తిప్పేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది; ఆ క్షణంలో వోల్టేజి పడిపోతే కంట్రోలర్ ఆరిపోకుండానే తికమకపడి, ఎక్కడో నేలవైపు చూపిస్తూ గమ్యం చేరానని చెబుతుంది. 12 వోల్టుల రీచార్జబుల్ బ్యాటరీ దగ్గర పెట్టుకున్నాక ఆ బాధ తీరింది. దాని వైరు ట్రైపాడ్ చుట్టూ చుట్టుకోకుండా చూసుకోవడం మరొక పని.

ఒకప్పుడు కంప్యూటరు అవసరం ఔత్సాహికులది కాదు. టెలిస్కోపును పైకీ కిందికీ, పక్కలకూ తిప్పే తేలికైన మౌంటు మీద నక్షత్రాన్ని వెంబడించాలంటే రెండు ఇరుసులనూ ఒకేసారి, క్షణక్షణమూ మారే వేగంతో తిప్పాలి. ఈక్వటోరియల్ మౌంటులో అయితే ఒకే ఇరుసును ఒకే వేగంతో తిప్పితే చాలు. అందుకే చాలా కాలం పెద్ద పరిశోధనా టెలిస్కోపులన్నీ బరువైన ఈక్వటోరియల్ మౌంటుల మీదనే నిలిచాయి. సోవియట్ యూనియన్ 1975లో ప్రారంభించిన 6 మీటర్ల బీటీఏ టెలిస్కోపు ఆ పద్ధతిని మార్చింది. రెండు ఇరుసుల లెక్కను కంప్యూటరుకు వదిలిపెట్టి, పెద్ద దర్పణాన్ని తేలికైన రీతిలో నిలబెట్టింది. పెరట్లో నిలబెట్టుకునే టెలిస్కోపుకు ఈ వసతి 1987లో సెలెస్ట్రాన్ కంప్యూస్టార్ రూపంలో వచ్చినా, అది కొద్దిమందికే అందింది. 1992లో మీడ్ సంస్థ తెచ్చిన ఎల్ఎక్స్ 200 తరువాత గోటూ అన్న మాట ఔత్సాహికుల నోళ్ళలో నానింది. తరువాతి పదేళ్ళలో చిన్న టెలిస్కోపులకు కూడా కంట్రోలర్ వచ్చి చేరింది.

దానితోపాటే అంకెల పోటీ వచ్చింది. పెట్టె మీద 40,000 వస్తువుల పట్టిక ఉందని రాసి ఉంటే ఆకర్షణగానే ఉంటుంది. కానీ నాది 127 మిల్లీమీటర్ల మాక్స్యుటోవ్, అంటే పొట్టి గొట్టంలో అద్దమూ కటకమూ కలిసి ఉండే రకం. ఆ పట్టికలో ఎక్కువ భాగం మామూలు నక్షత్రాలు, మరెన్నో నా అద్దానికి అందని మసక గెలాక్సీలు. నీహారికలు, నక్షత్ర గుచ్ఛాలు, గెలాక్సీలున్న మెస్సియే జాబితాలోని 110 వస్తువులు, అలాంటిదే మరింత పెద్దదైన ఎన్‌జీసీ పట్టికలోని 7,840లో నుంచి ఏరుకున్న రెండు మూడు వందలు, కొన్ని జంట నక్షత్రాలు, గ్రహాలు, చంద్రుడు: ఇంతకు మించి ఇంత వెడల్పు అద్దానికి అవసరం లేదు, ఇవి చూడడానికే ఏళ్ళు పడుతుంది. టెలిస్కోపు వస్తువును కనుక్కుంటుంది, కాంతిని మాత్రం అద్దమే పోగుచేస్తుంది. ఒకే ఖర్చుకు కంప్యూటరుతో 5 అంగుళాల టెలిస్కోపు, కంప్యూటరు లేకుండా 8 అంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద చేత్తో తిప్పుకునే అద్దపు టెలిస్కోపు) దొరికే పరిస్థితిలో, రెండోది రెండున్నర రెట్లు ఎక్కువ కాంతిని తెస్తుంది. చీకటి ఆకాశం అందుబాటులో ఉండి, పటం చూసి వెతికే ఓపిక ఉన్నవారికి నేను డాబ్సోనియన్‌నే కొనమంటాను. నగరపు వెలుగులో పదిపదిహేను చుక్కలకు మించి కనిపించని చోట ఉండేవారికి మాత్రం, చుక్క నుంచి చుక్కకు నడిచి వెళ్ళడానికి మధ్యలో మెట్లే ఉండవు గనుక, గోటూ విలాసం కాదు, అవసరం.

ఫొటోల కోసం కొనేవారు తెలుసుకోవలసిన చిక్కు మరొకటి ఉంది. పైకీ పక్కకూ తిరిగే మౌంటు నక్షత్రాన్ని ఎంత చక్కగా వెంబడించినా, దాని చుట్టూ ఉన్న దృశ్యం మెల్లగా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. తూర్పున ఒక పక్కకు ఒరిగి ఉదయించే మృగశిర (ఓరియన్) పశ్చిమాన రెండో పక్కకు ఒరిగి అస్తమించడం చూసినవారికి ఇది వివరించనక్కరలేదు. కంటితో చూసేటప్పుడు ఇది తెలియదు. కెమెరాతో నిమిషాల తరబడి కాంతి పడితే అంచులలోని నక్షత్రాలు చాపాలుగా సాగుతాయి. నడినెత్తికి దగ్గరైనకొద్దీ ఈ భ్రమణం వేగం పెరుగుతుంది. పది, ఇరవై సెకన్ల చిన్న చిన్న ఫొటోలు తీసి తరువాత తిప్పి కలుపుకోవాలి, లేదా ఈక్వటోరియల్ మౌంటుకు మారాలి.

ఆ చిన్న ఫొటోలను కలిపే పద్ధతే ఇప్పుడు వస్తున్న స్మార్ట్ టెలిస్కోపులకు ప్రాణం. అంతకుముందే ఒక మార్పు జరిగింది: టెలిస్కోపుకు కన్ను వచ్చింది. కెమెరాతో తీసిన ఒక ఫొటోలోని నక్షత్రాలను నాలుగేసి చొప్పున తీసుకొని, వాటి మధ్య దూరాల నిష్పత్తులను ముందే తయారుచేసి పెట్టుకున్న సూచికతో సరిపోల్చి, ఆ ఫొటో ఆకాశంలో సరిగ్గా ఏ చోటిదో చెప్పే ప్రోగ్రాములు వచ్చాయి. ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ ఈ దారిలో పేరు పొందింది. దీన్ని ప్లేట్ సాల్వింగ్ అంటారు. ఈ పద్ధతి ఉన్న టెలిస్కోపుకు నక్షత్రం పేరు చెప్పనక్కరలేదు. గొట్టాన్ని ఎటు తిప్పినా ఒక ఫొటో తీసుకొని తానెక్కడ ఉన్నదీ తానే తెలుసుకుంటుంది, వెళ్ళినచోట తప్పు ఉంటే మరో ఫొటో తీసి దిద్దుకుంటుంది. నేను శ్రవణాన్ని మఖ అని చెప్పినా ఒప్పుకోదు. మోటార్లు లేని డాబ్సోనియన్‌కు కూడా ఫోన్ కెమెరాతో ఇదే సాయం అందుతోంది: తెర మీది బాణాలను చూస్తూ గొట్టాన్ని చేత్తో తోసుకుంటూ వెళ్ళడమే.

2023లో వచ్చిన సీస్టార్ ఎస్ 50ను ఒక మిత్రుడు చూపించినప్పుడు నాకు కొంత ఈర్ష్య కలిగిన మాట నిజం. దాని కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లు, ఐపీస్ లేదు, చిత్రం ఫోన్ మీదనే. ఆండ్రోమెడా గెలాక్సీని ఎంచుకున్నాడు. మొదటి పది సెకన్ల ఫొటోలో చుక్కల గింజలతో నిండిన బూడిదరంగు మరక. ఫొటోలు ఒకదాని మీద ఒకటి చేరుతున్నకొద్దీ గింజలు తగ్గి, పది నిమిషాలకు ధూళి చారలు తేలాయి. 60 ఫొటోలు కలిస్తే అసలు కాంతి సంకేతానికి, గింజల్లా కనిపించే రొదకు మధ్య నిష్పత్తి 60కి వర్గమూలమంత, అంటే సుమారు 7.7 రెట్లు, మెరుగవుతుంది. నా టెలిస్కోపులో ఆ గెలాక్సీ నడిమి మెరుపు, దాని చుట్టూ పొగ తప్ప మరేమీ కనిపించదు. ఇది మోసమని, కష్టపడి వెతకని వారికి ఆకాశం దక్కకూడదని వాదించేవారు ఉన్నారు. నాకు ఆ వాదన నచ్చదు. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక డైమార్ఫాస్ అనే చిన్న గ్రహశకలాన్ని ఢీకొన్నప్పుడు, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఉన్న ఔత్సాహికులు ఇలాంటి టెలిస్కోపులతోనే ఆ మెరుపును నమోదు చేశారు. ఆ కొలతలు మరుసటి ఏడాది నేచర్ పత్రికలో వెలువడ్డాయి. పటం చూసి వెతకడం ఎంత గొప్ప విద్య అయినా, అది వచ్చినవారికే ఆకాశం సొంతం కాదు.

నా ఇబ్బంది వేరు. గోటూ అలవాటైన మొదటి ఏడాది, ఒక గంటలో ఇరవై వస్తువులు చూశానని పుస్తకంలో రాసుకున్న రాత్రులు ఉన్నాయి. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే పేర్లున్నాయి, టిక్కు గుర్తులున్నాయి, దేని గురించీ ఒక్క వాక్యం లేదు. చీకటికి కన్ను అలవాటు పడడానికే ఇరవై, ముప్పై నిమిషాలు కావాలి. ఎర్రటి వెలుగుతో ఉన్నా, కంట్రోలర్ తెరను మాటిమాటికీ చూస్తే ఆ అలవాటు కొంత చెడుతుంది. మీట నొక్కితే తరువాతి వస్తువు సిద్ధంగా ఉన్నప్పుడు ముందున్న దాని దగ్గర నిలబడే బుద్ధి పుట్టదు. ఇప్పుడు నేను రాత్రికి నాలుగు వస్తువులకు మించి ఎంచుకోను.

పగలు టెలిస్కోపును ఆడించాలనుకునేవారికి ఒక్క హెచ్చరిక. చాలా కంట్రోలర్లలో సూర్యుడి పేరు జాబితాలో కనిపించకుండా దాచి ఉంటుంది, కానీ పట్టపగలు శుక్రుణ్ణి చూడబోతే గొట్టం దారిలో సూర్యుడి మీదుగా వెళ్ళవచ్చు. ముందు భాగానికి సరైన సౌర ఫిల్టరు లేకుండా ఆ క్షణంలో ఐపీస్ దగ్గర కన్ను ఉంటే ఆ కన్ను పోతుంది. యంత్రం దారిని లెక్క వేస్తుంది గానీ దారిలో ఏముందో అన్నిసార్లూ పట్టించుకోదు.

పోయిన శరదృతువులో, మళ్ళీ ఒక అక్టోబరు రాత్రి, వలయ నీహారిక మీద ఉన్నాను. మెస్సియే జాబితాలో అది 57వది. అభిజిత్ నక్షత్రానికి దగ్గరలో, సుమారు 2,500 కాంతి సంవత్సరాల దూరంలో, చనిపోతున్న ఒక నక్షత్రం వదిలిన వాయువు. 60 రెట్ల వృద్ధిలో అది ఫోకస్ కుదరని నక్షత్రంలా ఉంటుంది. 150 రెట్లకు వెళితే బూడిదరంగు ఉంగరం. నేరుగా చూస్తే మాయమై, చూపును కాస్త పక్కకు జరిపితే మధ్యలోని చీకటితో సహా తేలుతుంది. పావుగంట చూశాక, ఉంగరం రెండు చివరలు పక్కలకంటే కొంచెం పలచగా ఉన్నట్టు అనిపించింది. దాన్ని మరింత విశాలమైన ఆకాశంలో చూద్దామని మళ్ళీ 60 రెట్ల ఐపీస్ పెట్టాను. అప్పుడు మోటారు రొద ఆగిపోయింది. కంట్రోలర్ తెర ఆరింది. ముందు రోజు బ్యాటరీ ఛార్జింగు పెట్టడం మరిచాను.

ఆకాశం కదలడం అప్పుడు ఐపీస్‌లో కనిపించింది. ఉంగరం మధ్య నుంచి పశ్చిమపు అంచుకు జారడం మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో గీత దాటి వెళ్ళిపోయింది. తల ఎత్తి చూశాను. అభిజిత్, దాని పక్కన సన్నని చతుర్భుజం, ఆ చతుర్భుజపు అడుగున బీటా, గామా నక్షత్రాలు. నీహారిక ఆ రెండింటి మధ్య, బీటా వైపు కొంచెం ఎక్కువ దగ్గరగా ఉంటుంది. ఇరుసులను బిగించి పట్టే క్లచ్‌లు రెండూ వదులు చేసి, గొట్టాన్ని అరచేత్తో పట్టుకొని, ఫైండర్‌లో బీటాను పట్టుకున్నాను. అక్కడి నుంచి గామా వైపు మెల్లగా తోశాను. మూడోసారికి దొరికింది.